ఆరని పొయ్యి: లాల్‌దర్వాజా మెస్సులోంచి చూసిన డొక్కా సీతమ్మ గారు

అక్విడక్టు అంటే ఏంటో సివిల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచీల వాళ్ళ కోసం ఒక్క ముక్క. నది మీదుగా కాలువని దాటించే వంతెన అది. కింద నది పారుతుంటుంది, పైన కాలువ పారుతుంటుంది. కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయ వైనతేయ మీద అలాంటిది ఉంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, 1850ల మొదట్లో, హెయిగ్ అనే ఇంజనీరు 49 కమానులతో దాన్ని కట్టించాడు. దాదాపు నూటయాభై ఏళ్ళు వరదలకి తట్టుకుని నిలబడ్డాక, దాని పక్కనే 2000లో కొత్తది వచ్చింది. ఆ కొత్తదానికి ఏ మంత్రి పేరో, ఏ చీఫ్ ఇంజనీరు పేరో పెట్టలేదు. జీవితమంతా అన్నం వడ్డించిన ఒక ఇల్లాలి పేరు పెట్టారు. అదే డొక్కా సీతమ్మ అక్విడక్టు.

ఇరిగేషన్ సెమినార్ కోసం వెతుకుతుంటే నాకు ఈ పేరు తగిలింది. ఖానాలెన్ని, డిశ్చార్జి ఎంత అని రాసుకోవాల్సినవాణ్ణి, ఆవిడ జీవితం చదువుతూ కూర్చున్నా. దానికి కారణం మా ఇల్లు. మాది లాల్‌దర్వాజా. సింహవాహిని మహంకాళి గుడికి కొంచెం ఇవతల మా ఇంటోళ్ళు చిన్న మెస్సు నడుపుతారు. ఆరు బల్లలు, ఇరవై నాలుగు కుర్చీలు, ఒక గల్లా. సెలవు దొరికితే గల్లా మీద కూర్చునేది నేనే. అన్నం పెట్టడంలో ఎంత లెక్క ఉంటుందో, ఎంత చాకిరీ ఉంటుందో కొద్దో గొప్పో తెలుసు. అందుకే ఆవిడ కథని పుణ్యకథలా కాకుండా, ఒక వంటింటి కథలా చదివాను. మీకూ అలాగే చెప్తాను.

సీతమ్మ గారు 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. తండ్రిని ఊరంతా బువ్వన్న అని పిలిచేవారు. గడప తొక్కినవాణ్ణి బువ్వ పెట్టకుండా పంపడని ఆ పేరు. తల్లి చిన్నప్పుడే పోయింది. దాంతో ఆ ఇంటి పొయ్యి, ఆ ఇంటికి వచ్చేపోయేవాళ్ళు, అంతా ఆ పిల్ల చేతిలోకి వచ్చారు. ఆడపిల్లలకి బడి చదువు లేని కాలం. ఆవిడ చదువంతా పొయ్యి దగ్గరే సాగింది. ఎసరు ఎప్పుడు పొంగుతుంది, పప్పు ఎప్పుడు మెదుగుతుంది, పదిమందికి వండిన పులుసుని పన్నెండుమందికి ఎలా సర్దాలి, ఆ చదువులో పాఠాలు ఇవే.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు పెద్ద రైతు, వేదం చదువుకున్నవారు. ప్రయాణంలో ఒకసారి మండపేటలో బువ్వన్న గారింట భోజనానికి ఆగారట. ఆ పిల్ల వడ్డన చూసి, చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని అనుకున్నారట. కోనసీమలో ఇప్పటికీ ఇలాగే చెప్పుకుంటారు. తిన్న ఒక్క భోజనానికి ఐదు నక్షత్రాలు ఇచ్చి ఊరుకోకుండా, ఏకంగా సంబంధం అడిగిన కస్టమర్ ఆయనొక్కరే అయ్యుంటారు.

ఇక్కడ గన్నవరం ఎలాంటి ఊరో చెప్పాలి. నదీ పాయల నడుమ ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేలని అక్కడ లంక అంటారు. కొబ్బరి, అరటి, కంద, కూరగాయలు బాగా పండే నేల. కానీ ఎటు పోవాలన్నా నీళ్ళు దాటాలి. ఆ రోజుల్లో ఇప్పటిలా వంతెనలు లేవు, పడవలే. పడవ అంటే టైం టేబుల్ ఉండదు. గాలి, ఆటుపోట్లు, వరద, పడవ నడిపేవాడి ఓపిక, ఇన్ని కలిసొస్తే కదులుతుంది. పొద్దున బయల్దేరినవాడు మధ్యాహ్నానికి చేరొచ్చు, అర్ధరాత్రికీ చేరొచ్చు. పైగా ఒక్కడు దిగడు. దిగితే పడవెడు జనం ఒక్కసారే దిగుతారు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పోయేవాళ్ళు, పెళ్ళిళ్ళకి పోయేవాళ్ళు, కోర్టు పనుల మీద తిరిగేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు.

మన ప్రాబబిలిటీ క్లాసులో క్యూయింగ్ థియరీ చదివారు కదా. జనం ఒక్కొక్కరుగా వస్తే లెక్క సులువు. గుంపుగా, అదీ ఎప్పుడొస్తారో తెలీకుండా వస్తే, ఏ సర్వీసూ సరిగ్గా అందించలేం. సీతమ్మ గారింటికి వచ్చినవాళ్ళందరూ రెండో రకమే. అయినా దాదాపు నలభై ఏళ్ళు, ఏ వేళ తలుపు తట్టినా ఆవిడ అన్నం పెట్టారు. కులం, ఊరు, వచ్చిన పని అడిగి, ఆ తర్వాత విస్తరి వేయడం ఆవిడ పద్ధతి కాదన్నది ఆ వైపు ఎవర్నడిగినా చెప్పే మాట. 19వ శతాబ్దంలో, ఒక వైదిక కుటుంబంలో, అది చిన్న విషయం కాదు.

దీన్ని మంచి మనసు అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు తృప్తిగా ఉండదు. మనసు ఎంత మంచిదైనా బియ్యం ఇరవై నిమిషాల లోపల ఉడకవు. కాబట్టి ఆ ఇంట్లో మనసుతో పాటు ఒక ఏర్పాటు కూడా ఉండి తీరాలి.

మా మెస్సు లెక్క చెప్తాను. కిలో బియ్యం వండితే మూడు కిలోలకి దగ్గరగా అన్నం అవుతుంది. కడుపు నిండా తినే ఆరేడుగురికి సరిపోతుంది. పదికిలోల డేగిశా పెడితే ఎసరు మరగడానికే అరగంట పడుతుంది. అదే రెండు కిలోల గిన్నె పక్కపొయ్యి మీద పెడితే మొత్తం పని ఇంచుమించు అరగంట లోపే అయిపోతుంది. సరే, ముందే ఎక్కువ వండి పెట్టుకుంటే? గోరువెచ్చగా గంటలకొద్దీ మూలన పడి ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. మళ్ళీ వేడి చేసినా అది వదిలిన విషం పోదు. కాబట్టి వేళ తప్పి వచ్చినవాడికి మిగిలింది పెట్టడం కాదు దారి. చిన్న గిన్నె, ఆరని పొయ్యి, అన్నం ఉడికేలోపు పక్కన పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఆధరువులు, ఇవీ కావలసినవి.

మన తెలుగు వంటింటిని ఈ దృష్టితో చూడండి. సగం వంటకాలు వేళ తప్పినవాళ్ళ కోసమే కనిపెట్టినట్టు ఉంటాయి. ఆవకాయ జాడీ ఏడాదంతా ఆగుతుంది. కందిపొడి నెల ఆగుతుంది. చింతపండు పులుపు వల్ల పులుసు పొద్దున కాస్తే రాత్రికి ఇంకా రుచి. మజ్జిగకి పొయ్యితో పనే లేదు. మా దిక్కు పచ్చిపులుసుకీ అంతే. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, పచ్చిమిరపకాయ నలిపి, ఉప్పు, చిటికెడు బెల్లం వేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయింది. పైన జీలకర్ర తాలింపు వేస్తే వేయొచ్చు, లేకుంటే లేదు. అన్నం ఒక్కటే వేడిగా ఉంటే చాలు, మిగతా విస్తరి అప్పటికప్పుడు నిండుతుంది. గోదావరి లంకలోనైనా, మూసీ ఒడ్డు మీదైనా, ఆకలి మీద వచ్చిన మనిషిని నిలబెట్టకుండా కూర్చోబెట్టే ఉపాయం ఇదే.

ఇప్పుడు ఆవిడ గురించి అందరూ చెప్పే సంగతి. సీతమ్మ గారికి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని కోరిక. కానీ ఇల్లు కదిలితే వచ్చినవాళ్ళకి అన్నం ఎవరు పెడతారు? ఏళ్ళ తరబడి వాయిదా పడి, చివరికి ఒకరోజు పల్లకీలో బయల్దేరారు. దారిలో బోయీలు అలుపు తీర్చుకోవడానికి పల్లకీ దించారు. అదే చోట ఒక పెళ్ళి బృందం ఆగి ఉంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకాస్త ఓపిక పట్టండి, గన్నవరంలో సీతమ్మ గారిల్లు వచ్చేస్తుంది, అక్కడ కడుపు నిండా తిందురు అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. పల్లకీలో ఉన్నది ఎవరో వాళ్ళకి తెలీదు. ఆవిడ బోయీలకి చెప్పి పల్లకీని వెనక్కి తిప్పించారు. ఆ బృందం వచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయి.

భక్తి కథల్లో దీన్ని మానవసేవే మాధవసేవ అని ముగిస్తారు. గల్లా మీద కూర్చునే నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపించింది. ఆ పెద్దవాళ్ళు పిల్లలకి ఎంత ధీమాగా మాటిచ్చారో చూడండి. వాళ్ళు ముందుగా కబురు పంపలేదు, ఆవిడకి చుట్టాలు కారు, అసలు ఆవిడ్ని చూసిన మొహాలే కాదు. అయినా అన్నం ఉంటుందని నమ్మారు. హోటలు వ్యాపారంలో గుడ్‌విల్ అంటే అదే. ఆ నమ్మకం వమ్ము కాకూడదనే ఆవిడ దేవుడి దగ్గరికి పోయే పల్లకీని తిప్పారు.

ఈ కథ మా ఇంట్లో నిరుడు ఒక తగువులోకి వచ్చిపడింది. మెస్సులో మా మామకీ వాటా ఉంది. మధ్యాహ్నం మూడు దాటితే షట్టర్ సగం దించేద్దామని మామ పట్టు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. 19 కిలోల కమర్షియల్ సిలిండరు ధర ఎప్పుడు ఎంతుంటుందో తెలీదు. మూడు తర్వాత వచ్చేది పది పదిహేనుమంది. వాళ్ళ కోసం మాస్టర్ని, ఇద్దరు సర్వర్లని నిలబెట్టాలి. నాన్న ఒప్పుకోలేదు. మూడు తర్వాత వచ్చేది ఎవరో ఆయనకి తెలుసు. పొద్దున స్కూలు పిల్లల ట్రిప్పులు, మధ్యాహ్నం మళ్ళీ ట్రిప్పులు అయ్యాక తినే ఆటోవాళ్ళు. లాడ్‌బజార్ దిక్కు దుకాణాల్లో గిరాకీ తగ్గాక గానీ కదలలేని గుమాస్తాలు. ఆస్పత్రిలో మనిషిని చేర్పించి వచ్చే పల్లెటూరోళ్ళు. పన్నెండున్నరకి వచ్చేవాడికి పది హోటళ్ళు ఉన్నాయి, మూడున్నరకి వచ్చేవాడికి ఎవరున్నారని నాన్న వాదన.

నేను సెమినార్ హుషారులో ఉన్నా కదా, సీతమ్మ గారి కథ మొత్తం చెప్పేశాను. నాన్న మొహం వెలిగిపోయింది. ఆవిడ ఊరికే పెట్టింది, భూములుండి పెట్టింది, మనం కిరాయి కట్టుకుని అమ్ముతున్నామని మామ తేల్చేశాడు. ఆ మాటలోనూ నిజముంది. డొక్కావారి భూములు ఆ అన్నదానానికే కరిగిపోయాయని చెప్తారు. మెస్సు కరిగిపోతే మూడున్నరకి వచ్చేవాడికే కాదు, పన్నెండున్నరకి వచ్చేవాడికీ అన్నముండదు.

అప్పటిదాకా ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్న అమ్మ ఒక్కటే అడిగింది. అందరికీ పెట్టింది సరే, ఆవిడ ఎన్నింటికి తినేది అని.

ఎవ్వరం మాట్లాడలేదు. అమ్మ తినేది రోజూ నాలుగింటికి, ఒక్కోసారి ఐదింటికి. ఆ రోజు నుంచి సీతమ్మ గారి కథ నాకు వేరేగా వినిపిస్తోంది. రైసు మిల్లు, గ్రైండరు, గ్యాసు పొయ్యి లేని కాలం అది. వడ్లు దంచాలి, చెరగాలి, కందులు విసరాలి, పచ్చడి రోట్లో నూరాలి, నీళ్ళు తోడాలి, కట్టెపొగలో కళ్ళు మండుతుంటే ఊదుకోవాలి. పడవెడు జనం అర్ధరాత్రి దిగితే ఇదంతా చేసిన చేతులతోనే లేచి మళ్ళీ పొయ్యి రాజేయాలి. ఆవిడ్ని అన్నపూర్ణ అని దండం పెట్టడం తేలిక. దేవత అనేస్తే అలసట ఉండదు కదా. ఆవిడ మనిషే అని గుర్తుపెట్టుకుంటే గానీ, చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు.

చివరికి తగువు అమ్మ మాట మీదే తెగింది. మూడు తర్వాత ఫుల్ మీల్స్ ఉండవు. పక్కపొయ్యి మీద రెండు కిలోల గిన్నె మాత్రం ఉంటుంది. వేడన్నం, పప్పు, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు, మజ్జిగ. రేటు తక్కువ. ఆ వేళకి ఒక్క మనిషే డ్యూటీ, అది వంతులవారీగా. ఆ డ్యూటీ ఎవరిదైతే వాళ్ళు రెండున్నరకే తినేయాలి. అమ్మ వంతు ఉన్నా లేకున్నా రెండున్నరకే తినాలి. ఈ చివరి రూలు పెట్టింది మామ.

సీతమ్మ గారి పేరు గోదావరి దాటి చాలా దూరం పోయింది. 1903 జనవరి 1న ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం పేరుతో ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. ఆ సందర్భంలోనే ఆవిడకి పిలుపు వచ్చిందని, నేనొస్తే ఇక్కడ ఆకలిగా వచ్చేవాళ్ళ సంగతేంటని ఆవిడ రానన్నారని చెప్తారు. కలెక్టరు ఆవిడ్ని ఒప్పించి కనీసం ఫోటో తీయించి పంపారట. చక్రవర్తి ఆ ఫోటోని కుర్చీలో పెట్టించి గౌరవించాడట. ఇందులో ఎంత చరిత్ర, ఎంత అభిమానం అన్నది పక్కన పెడదాం. జనం ఈ కథని ఇంత ఇష్టంగా చెప్పుకోవడంలోనే ఒక సంగతి ఉంది. చక్రవర్తి పిలుపుకీ, పడవ దిగిన బాటసారి పిలుపుకీ మధ్య ఆవిడ బాటసారినే ఎంచుకుంటారని అందరికీ ముందే తెలుసు.

అదే కాలంలో మా హైదరాబాదులో భోజనం అంటే గుర్తొచ్చేది ఫలక్‌నుమా. లాల్‌దర్వాజాకి దక్షిణాన గుట్ట మీద ఉంటుంది. అందులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అతిథుల కోసం 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉంది, ఇప్పటికీ చూపిస్తారు. కానీ మా బస్తీ పెద్దలు ఆ నిజాముని తలుచుకునేది ఆ బల్ల గురించి కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఇళ్ళు పోయినవాళ్ళ కోసం ఆయన తన మహళ్ళ తలుపులు తెరిపించాడని, మహారాజా కిషన్ పర్షాద్ చెప్పగా మా మహంకాళి అమ్మవారికి మొక్కాడని చెప్తారు. లాల్‌దర్వాజా బోనాల వైభవాన్ని ఆ వరద నుంచే లెక్కపెడతారు. బోనం అంటే భోజనమే. కొత్తకుండలో అన్నం, పాలు, బెల్లం వండి, పసుపు రాసి, వేపమండలు కట్టి, నెత్తిన పెట్టుకుని అమ్మవారికి తీసుకుపోయే బువ్వ. మా బస్తీకి అన్నిటికంటే పెద్ద పండుగ ఏదంటే, అన్నం వండి వడ్డించడమే.

ఆ వరద వచ్చిన సరిగ్గా ఏడు నెలలకి, 1909 ఏప్రిల్ 28న, సీతమ్మ గారు కన్నుమూశారు. ఆవిడ పేరు మాత్రం అన్నాన్ని వదల్లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. మరుసటి ఏడాది ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ ఆ పథకం వచ్చింది. గంట కొట్టగానే కంచం పట్టుకుని పరుగెత్తే పిల్లలకి ఆవిడెవరో తెలియకపోవచ్చు. గన్నవరంలో పడవ దిగినవాళ్ళకీ చాలామందికి తెలీదు. ఆవిడెవరో తెలియనివాడికి కూడా అన్నం దొరకడమే ఆ ఏర్పాటులో గొప్ప.

చివరిగా మన హాస్టల్ మెస్ కమిటీ మిత్రులకి ఒక విన్నపం. రాత్రి తొమ్మిదికి కౌంటర్ మూసేస్తారు. ప్రాజెక్టు పనిలో, ప్రాక్టీసులో, ఊరి నుంచి వచ్చే బస్సులో చిక్కుకున్నవాళ్ళు తొమ్మిదిన్నరకి వచ్చి బిస్కెట్ ప్యాకెట్‌తో పడుకుంటున్నారు. ఫుల్ మెనూ అడగట్లేదు. రెండు కిలోల గిన్నె, పచ్చిపులుసు, మజ్జిగ చాలు. పచ్చిపులుసు ఎలా చేయాలో మాస్టర్‌కి నేను నేర్పిస్తా. వారంలో రెండు రోజులు ఆ డ్యూటీ నాకు రాసుకోండి. ఆ డ్యూటీలో ఎవరున్నా ముందు వాళ్ళు తిన్నాకే కౌంటర్ తెరవాలని కూడా రూల్స్‌లో రాయండి.